పొయ్యిల పెద్దమ్మ

మా ఇంట్లో పొయ్యి మార్చాలా వద్దా అని నాలుగు రోజులుగా నాకూ మా ఆవిడకూ పడటం లేదు. ఇక్కడ మలాయాలో, మా ఇపో ఊరి బజారులో తను కిరసనాయిలు స్టవ్వు ఒకటి చూసి వచ్చింది. అది కావాలంటుంది. కట్టెల మీద ఉడికిన అన్నం రుచే వేరని నేనంటాను. వండేది తను, రుచి గురించి ఉపన్యాసాలిచ్చేది నేను. ఐదో రోజు పొద్దున్న హుటాన్ మెలింటాంగ్ దగ్గరి కొబ్బరితోట నుంచి ఒకతను ఏదో పని మీద వచ్చి, కాఫీ తాగుతూ తాగుతూ, "మేష్టరు బావూ, పెద్దమ్మ పోనాదండి. నెల దాటినాది" అన్నాడు. నేను గ్లాసు కింద పెట్టేశాను. ఆ పూటకి మా తగువు ఆగిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. దాచుకోవడం ఎందుకు, గర్వం వచ్చింది. ఆ చేతి కూడు ఆరేళ్ళు తిన్నానని మా ఆవిడకు చెప్పాను. వచ్చినతనికి చెప్పాను. ఆఖరికి పక్కింటి తమిళులకు కూడా చెప్పాను. "మీ అమ్మగారా?" అని వాళ్ళడిగారు. కాదన్నాను. ఆవిడ నాకేమీ కాదు.

ఆ తోట బడికి నేను మేష్టరుగా వెళ్ళేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. కూలీల గదులు ఒకే వరసలో ఉండే లైనులో ఆవిడ గది పక్క గది నాకిచ్చారు. మధ్యలో ఉన్నది పలకల గోడ. ఒక ఇంట్లో తుమ్మితే పక్కింట్లో చిరంజీవ అనేవారు. మొదటి రోజు సాయంత్రమే నా పొయ్యిలో పిల్లి లేవలేదని ఆ పలకల సందులోంచి కనిపెట్టేసింది.

"ఏటి మేష్టరు బావూ, నీ దాపూర్లో పొగ నేదు?" అంది. అక్కడివాళ్ళు వంటగదిని మలాయి మాటతో దాపూరు అనేవారు.

నాకు వంట రాదన్నాను.

"అంత సదువు సదివినావు, కూడొండుకోడం రాదా!" అని లైను లైనంతా వినబడేలా నవ్వి, ఆ పూటే నాకు కంచం పెట్టింది. మళ్ళీ ఆ కంచం తీసింది నేను తోట వదిలిన రోజునే.

పొట్టి మనిషి. చీర మోకాళ్ళ పైకి బిగించి కట్టేది. పగలంతా కొబ్బరికాయలు కొట్టి ఆరబెట్టే కొట్టంలో పని. నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది. అదీ మా వైపు ఆడవాళ్ళు తాగే అడ్డచుట్ట, నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టుకునేది. నాలుక ఎలా కాలకుండా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ చుట్ట తియ్యకుండానే తిట్టేది, పాడేది, మనవరాలికి కథలు చెప్పేది. కోపం ఎక్కువైనప్పుడు మాత్రం చుట్ట బయటికి తీసేది. అది చూస్తే కొడుకు, కొబ్బరిచెట్టంత మనిషి, చల్లగా వీధిలోకి జారుకునేవాడు.

ఆవిడకు గడియారంతో పని లేదు. కొబ్బరి చిప్పే ఆవిడ గడియారం. ఆ తోటలో కట్టెలు దొరికేవి కావు. పొయ్యిలోకి చిప్పలూ డొక్కలే. చిప్పల్ని ఒకదానిలో ఒకటి బోర్లించి, వరసగా పేర్చి, ఒక కొస మాత్రం అంటించేది. నిప్పు ఒక్కొక్క చిప్పా దాటుకుంటూ నెమ్మదిగా నడిచేది. మా అందరి అన్నానికి ఐదు చిప్పలు. పులుసుకి మూడు. "ఇంకా రెండు సిప్పలున్నాయి, కూకో" అంటే ఎంతసేపు కూర్చోవాలో నాకు వారం రోజుల్లో తెలిసిపోయింది. ఒకసారి బడి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఎంతసేపు పాఠం చెబుతారని అడిగితే, నా నోటంట "నాలుగు చిప్పలండీ" అని వచ్చింది.

లైనులో నలభై గదులు. నలభై పొయ్యిలూ ఆవిడ చేతివే. ఎవరింట కొత్త కోడలు కాపురానికి వచ్చినా ముందు పెద్దమ్మకు కబురు వెళ్ళేది. ఆవిడ వచ్చి, ఆ పిల్లను ఒట్టి నేల మీద కూర్చోబెట్టి, "కూడు కలుపుతున్నట్టు సెయ్యి సాపు" అనేది. ఆ చెయ్యి ఎంత ఎత్తుకు వస్తుందో జానతో కొలుచుకునేది. పొయ్యి ఆ ఎత్తుకే లేచేది. పుట్టమన్నూ ఏటిగట్టు బంకమట్టీ కలిపి, కొబ్బరిపీచు సన్నగా తుంచి వేసి కాళ్ళతో తొక్కేది. కట్టడం అయ్యాక చంటిపిల్ల వీపు మీద తట్టినట్టు పొయ్యి మీద తట్టేది. దేశం నుంచి ఓడ ఎక్కినప్పుడు తను ఏమీ తెచ్చుకోలేదట, ఈ చేతులు తప్ప. ఆ మాట చెప్పేటప్పుడు రెండు చేతులూ చాపి చూపించేది.

ఇంకొక అలవాటు ఉండేది. రాత్రి వంట దింపాక, పిడికెడు నీళ్ళు తీసుకుని పొయ్యి మీద మూడుసార్లు చిలకరించి, "తిన్నాం తల్లీ, సల్లబడు" అనేది. ఒక్క రోజు మానడం నేను చూడలేదు. లైనులో ఆడవాళ్ళంతా అలాగే చేసేవారు. మనకు అన్నం పెట్టి తను మాత్రం మండుతూ ఉండకూడదని, దేశంలో తన తల్లి చెప్పిందట.

నేను వెళ్ళిన నాలుగో ఏడు లైనులకు ఆకుల కప్పు తీసి రేకులు వేశారు. వాన కారడం ఆగిపోయింది. అందరం సంబరపడ్డాం. రెండు నెలలయ్యేసరికి తెలిసింది, ఆకుల సందుల్లోంచి పైకి పోయే పొగ రేకుల కింద ఇరుక్కుపోతోందని. పిల్లలకు దగ్గు పట్టుకుంది. అందరికంటే ఎక్కువగా పట్టుకున్నది పెద్దమ్మ మనవరాలికి. నాలుగేళ్ళ పిల్ల. పురిట్లోనే తల్లి పోతే పెద్దమ్మే పెంచింది. దగ్గు మొదలైతే ఆ పిల్ల డొక్కలు ఎగిరెగిరి పడేవి. పలకల గోడ ఇవతల నుంచి నేను ఊపిరి బిగబట్టి వినేవాణ్ణి.

తోటలో మందులిచ్చే డ్రెస్సరు నెలకొకసారి లైనుకు వచ్చి, పిల్లల రొమ్ము పరీక్షించి, దగ్గుండే పిల్లల పేర్లు పుస్తకంలో రాసుకునేవాడు. ఒకసారి రాస్తే కషాయం. వరసగా రెండోసారి రాస్తే పట్నంలో పెద్దాసుపత్రికి పంపేవారు. పెద్దవాళ్ళెవర్నీ తోడు వెళ్ళనిచ్చేవారు కాదు. అంతకుముందు మా లైను నుంచి అలా ఇద్దరు వెళ్ళారు. ఒక్కరే తిరిగి వచ్చారు. ఆ నెల పెద్దమ్మ మనవరాలి పేరు పుస్తకంలో మొదటిసారి ఎక్కింది.

"ఏటి మందు దీనికి?" అని పెద్దమ్మ అడిగింది.

"పొగ లేకుండా ఉండటమే" అన్నాడు డ్రెస్సరు.

ఆవిడ నోట్లోంచి చుట్ట తీసి చూపించింది. "ఇదీనా?"

"అదీ."

చుట్ట గుమ్మం బయట పారేసింది. ఆ తరవాత ఇంట్లో చుట్ట ముట్టించడం నేను చూడలేదు. తాగాలనిపిస్తే కాలవ గట్టు దాకా నడిచి వెళ్ళేది.

సరిగ్గా అప్పుడే తోట దొర ఇనప పొయ్యిలు తెప్పించాడు. చుట్టూ మూసి ఉండి, పొగ బయటికి పోవడానికి గొట్టం ఉన్నవి. ముందు ఒకే ఒకటి. కావాలన్న ఇంటికి ఇస్తాం, కాని మట్టిపొయ్యి పగలగొట్టెయ్యాలి అన్నారు. లైనులో ఒక్కరూ కదల్లేదు. పెద్దమ్మ ఏమంటే అదే తమ మాట అన్నారు. ఆవిడ ఏమంటుందో నాకు తెలుసుననుకున్నాను. ఆ నలభై పొయ్యిలూ కట్టిన చేతులు ఒప్పుకుంటాయా? నాకు ఆవేశం వచ్చేసింది. రెండు రోజులు కూర్చుని దొరకు ఒక అర్జీ రాశాను. మా తాతముత్తాతల మట్టిపొయ్యి గురించీ, దాని పవిత్రత గురించీ, మట్టిలో ఉడికిన అన్నం రుచి గురించీ మూడు పేజీలు. నాకున్న ఇంగ్లీషు అంతా అందులో పోశాను.

అది పట్టుకుని వెళ్ళి, లైను వాళ్ళందరి ముందూ తెలుగులో చదివి వినిపించాను. అయిపోయాక సిరా డబ్బా తెరిచి పెద్దమ్మ ముందు పెట్టాను. మొదటి వేలిముద్ర ఆవిడదే కావాలి మరి. ఆవిడ మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని వింటోంది.

"బాగా రాసినావు బావూ" అంది. ఒళ్ళో పిల్లను చూపిస్తూ, "ఈ గుంట దగ్గు ఎక్కడ రాసినావు?"

"అది రాయలేదు పెద్దమ్మా."

"మరేటి రాసినావు?"

కాగితం నా చేతిలోంచి తీసుకుని, తిప్పి చూసి, మళ్ళీ నాకే ఇచ్చేసింది. "నా పొయ్యి మంచిదే. దాని మంచి నాకు తెల్సు. దానికోసం ఇంత రాయక్కర్నేదు. ఈ గుంట పేరు మళ్ళీ ఆ పుస్తకంలో ఎక్కకూడదు. దానికేటి సెయ్యాలో అది సేత్తాను" అంది. వేలిముద్ర వెయ్యలేదు. నేను తలెత్తుకోలేకపోయాను.

మర్నాడు పనిలోకి వెళ్ళకముందే లేత కొబ్బరికాయ ఒకటి కొట్టి, ఆ నీళ్ళు తన పొయ్యి మీద పోసింది. మట్టి నీళ్ళన్నీ పీల్చుకునేదాకా కూర్చుంది. అప్పుడు పలుగు తీసుకుని తన చేత్తోనే పగలగొట్టింది. కొడుకు సాయం వస్తానంటే ఒద్దంది. ఒక్కొక్క బెడ్డా తట్టలోకి ఎత్తుకుంది. చూస్తున్న ఆడవాళ్ళలో ఇద్దరు ఏడ్చారు. ఆవిడ ఏడవలేదు. "మన్నే కదే. ఇంకా మన్ను నేదేటి లోకంలో?" అని వాళ్ళను కసిరింది.

ఇనప పొయ్యి వచ్చింది. మూడు రోజులు ఆ ఇంట్లో పొగ లేదు. పిల్ల దగ్గలేదు. మొదటి రెండు రాత్రులూ చిలకరించిన నీళ్ళకు ఆ ఇనుము సుయ్యిమని ఊరుకుంది. మూడో రోజు రాత్రి అన్నం దింపాక, చిప్పల వేడికి ఎర్రగా కాగి ఉన్న ఆ ఇనప పలక మీద పెద్దమ్మ ఎప్పటిలాగే పిడికెడు నీళ్ళు చిలకరించింది. "తిన్నాం తల్లీ" అందో లేదో, తుపాకీ పేలినట్టు చప్పుడైంది. పోత ఇనుము. నిలువునా రెండుగా పగిలింది.

పొద్దున్నకల్లా నలభై గదులకూ తెలిసిపోయింది. అమ్మవారికి ఇనుము ఇష్టం లేదన్నారు కొందరు. కొడుకు బతిమాలాడు. "అమ్మా, పాత పొయ్యే మళ్ళీ కట్టీయే. నీకు ఒక్క పూట పని."

నోట్లోంచి తియ్యడానికి చుట్ట లేకపోయినా, తీసినంత కోపంగా చూసింది ఆవిడ. "మూడ్రోజులు గుంట పడుకున్నాది. సూసినావా నేదా?"

వాడు ఎప్పటిలాగే వీధిలోకి జారుకున్నాడు.

దొర సొత్తు పగిలింది కాబట్టి సంజాయిషీ చెప్పుకోవాలి. ఓడలోనే బీట వారి ఉంటుందని చెబుదాం పెద్దమ్మా, నేను రాసిస్తాను అన్నాను. మళ్ళీ నా కాగితాలే.

"నాను ఇరగ్గొట్టినాను. నానే సెప్తాను" అని బయల్దేరింది. నేను వెనకాల పడ్డాను.

దొర బంగళా మెట్ల కింద నిలబడి, తలెత్తి, తనకొచ్చిన మలాయిలో, "తువాన్, సాయా సుదా పెచా" అంది. దొరా, నేనే పగలగొట్టాను అని. ఎలా అని దొర అడిగాడు. ఆవిడ ఉత్త చేత్తో మూడుసార్లు నీళ్ళు చిలకరించినట్టు చూపించింది. ఎందుకన్నాడు. అది నేను చెప్పాను. పొయ్యికి నీళ్ళిస్తారా అని దొర పడీపడీ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మాత్రం, "నవ్వనీ బావూ. ఆడింట్లో పొయ్యికి ఎవులు నీళ్ళిత్తారు పాపం" అంది నాతో, తెలుగులో, ఎంతో జాలిగా.

ఇంకో పొయ్యి వచ్చే నెల ఓడకు గాని రాదన్నాడు దొర. డ్రెస్సరు రావడానికి పదకొండు రోజులే ఉన్నాయి.

"పొయ్యి ఒద్దు. ఆ గొట్టం నాకొగ్గెయ్యమని సెప్పు" అంది.

పగిలిన పొయ్యి గొట్టం ఏం చేసుకుంటుందని దొరకు అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. ఉంచుకోమన్నాడు.

నలభై పొయ్యిలు కట్టిన మనిషికి నలభై ఒకటో పొయ్యి లొంగలేదు. చుట్టూ మూసి, వెనక గొట్టం దిగేసి మట్టితో కట్టింది. ఎండగానే అంటించింది. ఇనుము వేడెక్కి మట్టిని చీల్చేసింది. గొట్టం చుట్టూ పొగ బుసబుసా వచ్చింది. పిల్ల దగ్గింది. వెంటనే నీళ్ళు కుమ్మరించి ఆర్పేసి, అంతా పగలగొట్టింది. రెండోసారి పీచు ఎక్కువ వేసి కట్టింది. అదీ చీలింది. ఆ రోజు కూడా నా కంచంలో అన్నం పక్కింటి నుంచే తెచ్చి పెట్టింది. పెట్టేటప్పుడు నా మొహం చూడలేదు. ఆరేళ్ళలో ఆవిడ తల దించుకోవడం ఆ ఒక్కసారే చూశాను.

"ఈ ఇనుముకి నాను ఎంత గట్టిగా పట్టుకుంటే అంత తంతన్నాది బావూ" అంది.

మర్నాడు కొట్టంలో పని చేస్తూ ఏమాలోచించిందో తెలియదు. సాయంత్రం వచ్చి మూడోసారి మొదలెట్టింది. ఈసారి మట్టిని గొట్టానికి ఆనించలేదు. చుట్టూ రెండు వేళ్ళ సందు వదిలేసి, ఆ సందులో జల్లించిన బూడిద కూరింది. గొట్టం వేడెక్కి పెరిగితే బూడిద సర్దుకుంటుంది, చల్లారితే మళ్ళీ సర్దుకుంటుంది. పైన మెత్తిన మట్టి మట్టిలాగే ఉంటుంది. ఎండాక అంటించాం. అందరం గొట్టం వైపే చూస్తున్నాం. ఆవిడ పిల్ల వైపు చూస్తోంది. ఇంట్లో పొగ జాడ లేదు. గోడ బయట గొట్టం మూతి నుంచి తెల్లగా పైకి లేస్తోంది. వంటయ్యాక పిడికెడు నీళ్ళు చిలకరించింది. మట్టి మామూలుగా పీల్చుకుంది. ఆ పొయ్యిని చూసి నా గుండె పొంగిపోయింది, నేనే కట్టినట్టు. నేను తట్ట కూడా మోయలేదు.

ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ ఆవిడ పిల్ల పక్కన చెవి పెట్టుకుని కూర్చోవడమే.

డ్రెస్సరు వచ్చాడు. ఒక్కొక్క గుమ్మం దగ్గరా ఆగి, పిల్లల వీపు మీదా రొమ్ము మీదా చెవిగొట్టం పెట్టి విని, పుస్తకంలో రాసుకుంటూ మా వైపు వచ్చాడు. పెద్దమ్మ మనవరాల్ని ముందుకు నిలబెట్టింది. ఆయన చాలాసేపు విన్నాడు. ఊపిరి తియ్యమన్నాడు, వదలమన్నాడు, మళ్ళీ తియ్యమన్నాడు. ఆ పిల్లతో పాటు పెద్దమ్మా తీసింది, వదిలింది. తరవాత ఆయన పిల్ల తల నిమిరి, కలం ఎత్తకుండానే పక్క గుమ్మానికి వెళ్ళిపోయాడు.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రాయలేదు పెద్దమ్మా!" అని అరిచాను.

"నువ్వు సూసినావా? అచ్చరం సూసినావా?"

నేను నమ్మకంగా చెప్పినా వినలేదు. డ్రెస్సరు లైను చివర చెట్టు కింద కూర్చుని నీళ్ళు తాగుతుంటే నన్ను చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్ళింది. పుస్తకం అడిగింది. ఆయన నవ్వి ఇచ్చాడు. "పేర్లన్నీ సదువు బావూ. ఒక్కటీ ఒగ్గకు" అంది. చదివాను. మా లైనువి పదకొండు పేర్లు. ఆవిడ మనవరాలి పేరు వాటిలో లేదు. ఏడుస్తుందనుకున్నాను, దణ్ణం పెట్టుకుంటుందనుకున్నాను. ఆవిడ వేళ్ళు మడుస్తోంది. పదకొండు వేళ్ళు లేక మళ్ళీ మొదటి వేలికి వచ్చి ఆగింది.

"ఈళ్ళలో రెండోపాలి ఎక్కినోళ్ళు ఎవులు?"

ఎవరూ లేరని, అందరూ మొదటిసారి వాళ్ళేనని డ్రెస్సరు చెప్పాడు.

"అయితే నెల ఉన్నాది" అంది.

గొట్టాల కోసం దొర దగ్గరికి మళ్ళీ వెళ్ళాలని, రేకు ముక్కలు చుట్టినా పనికొస్తుందేమోనని తనలో తను అనుకుంటూ ఇంటి వెనక్కి వెళ్ళి, పలుగు తెచ్చి, తొక్కి ఉంచిన మట్టి తట్ట నెత్తికెత్తుకుంది. పొద్దు ఇంకా మధ్యాహ్నం కాలేదు. నేను అక్కడే నిలబడి ఉంటే, తట్ట కింద నుంచి నావైపు తిరిగి చూసింది.

"మొదటి పేరు ఎవుల్దన్నావు, మేష్టరు బావూ?"